మామ్మ పౌడరు డబ్బాలో నా మాత్రలు

తడి కట్టుగుడ్డ బాల్కనీ ఎండలో ఆరుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది, సబ్బూ కొబ్బరినూనే కలిసి, ఎన్ని నీళ్ళు పోసినా వదలని ఒంటి వాసనతో. ఆదిత్యపూర్‌లోని మా ఇంట్లో రోజూ నా కాలి కట్టు ఉతికి ఆరేస్తాను. ఆ వాసన తగిలేసరికి టాటానగర్ స్టేషను వెనక రైల్వే క్వార్టర్స్‌లో పదేళ్ళ పిల్లనైపోతాను, అప్పటి దడ కూడా అలాగే మొదలవుతుంది.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చేటప్పటికే ఆమె కుడికాలు బోదకాలు, దానికి రోజూ కట్టు ఉతికి కట్టుకునేది. చలికాలం పొద్దుటి ఎండలో వాకిట్లో పీట వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఆ కాలి మీదికి లాక్కుని, బఠానీలు ఒలుస్తూ, వచ్చేపోయే కూరలవాళ్ళతో సగం హిందీలో సగం తెలుగులో బేరాలాడి అందరినీ నవ్వించేది. నాగుల చవితికి ఆమె దంచిన చిమ్మిలి నువ్వుల నూనె ఓడుతూ వేళ్ళకి అంటుకునేది. ఆ తరువాత రెండు రోజులకి పక్కింటి బిహారీ వాళ్ళ ఛఠ్ పండగ, నేతి వాసనతో గోధుమపిండి, బెల్లం కలిపి వేయించిన ఠేకువాలు వచ్చేవి, రెండూ ఒకే గిన్నెలో వేసుకుని నేను మెట్ల మీద కూర్చుని తినేదాన్ని.

కానీ ఆ చవితికి ముందు దీపావళి అమావాస్య ఉంటుంది కదా, నా భయమంతా దానితోనే. అమావాస్యకో పున్నమికో మామ్మకి గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి, మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడేవి. జ్వరం తగ్గేది, కాలు మాత్రం మరికాస్త లావెక్కి మిగిలేది. నేను పుట్టు పిరికిదాన్ని. క్యాలెండర్‌లో నల్ల చుక్క దగ్గరపడుతుంటే అన్నం సహించేది కాదు. పిల్లలంతా కుంటాట ఆడుతుంటే కుడికాలు మడిచి ఎడమకాలితోనే గెంతేదాన్ని, కుడికాలు వాచిపోతుందేమోనని! దిష్టికని మామ్మ నా కుడి చీలమండకి కట్టిన నల్లతాడు కింద రోజూ లేవగానే వేలు దూర్చి చూసుకునేదాన్ని. వేలు సులువుగా దూరితే ఆ రోజుకి బతికిపోయినట్టు.

ఏడాదికోసారి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బోదకాలు మాత్రలు పంచేవారు. అప్పట్లో మనిషికిన్ని అని చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. మా క్వార్టర్స్‌లో ఎవరూ మింగేవారు కారు. జబ్బు లేనివాళ్ళకి మందెందుకని అందరి ధీమా. మా ఇంట్లో ఇంకో అడుగు ముందుకేసి, అందరి మాత్రలూ మామ్మకి ఇచ్చేవాళ్ళం.

"బాగున్న పిల్లకి మందేటి? కాలొచ్చిందాన్ని నానున్నాను, నాకిచ్చీయే అమ్మా," అనేది మామ్మ.

"ఇచ్చీయే, మామ్మకి జొరం వత్తే పనికొత్తాది," అనేది అమ్మ వంటింట్లోంచి.

నేను పరుగెత్తుకెళ్ళి నా వాటా మాత్రలు ఆమె పాత పౌడరు డబ్బాలో వేసేదాన్ని. జ్వరం వచ్చినప్పుడల్లా ఆమె వాటిలోంచి ఒకటి తీసి మింగేది. నా మాత్ర వల్లే మామ్మ లేచి కూర్చుందని ఎంత గర్వపడ్డానో! ప్రేమనేది మాత్రలు మింగకపోవడమే అనుకున్న ఇల్లు మాది.

పెద్దయి, పెళ్ళయి, నాకు పాప పుట్టిన మూడేళ్ళకి నా కుడికాలు వాచింది. మొదట చెప్పు బిగుతైంది, తరువాత వేలితో నొక్కితే గుంట పడింది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. రక్తనాళాల పక్కనే లింఫు నాళాలని సన్నని దారులుంటాయట, ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చేవి. కడుపులో బిడ్డకి అవి చక్కగా మొలుస్తాయి, గాయం మానేటప్పుడూ మొలుస్తాయి. దోమకాటుతో వచ్చిన పురుగు చేరిన కాలిలోనూ కొత్తవి మొలుస్తాయి, కానీ అవి ఉబ్బిపోయి, కారిపోయి, నీటిని పైకి లాగలేవు. మా క్వార్టర్స్‌లో ఏటా కొత్త పైపులు వేసినా కుళాయికి నీళ్ళెక్కని సంగతి గుర్తొచ్చింది. ఆ మాత్రలు పురుగు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా ఆపడానికట, అందుకే బాగున్నవాళ్ళూ మింగాలట. అప్పుడు మింగి ఉంటే నాకిది వచ్చేది కాదా అని అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మొన్న మాత్రలవాళ్ళు వచ్చారు. ఇప్పుడు ఎదురుగా మింగిస్తారు. నేను లోపల కాలు కడుక్కుంటున్నాను. మా పాపకి పదేళ్ళు. ఇంకా ఏమీ తినలేదని చెప్పిందట, పరగడుపున వేసుకోకూడదు కనుక తిన్నాక వేసుకోమని, మళ్ళీ వచ్చి చూస్తామని చేతిలో పెట్టి పక్కింటికి వెళ్ళారు. అది మాత్రలు గుప్పిట్లో దాచుకుని నా దగ్గరికి వచ్చింది.

"మమ్మీ, యే ఆప్ ఖా లో. సూజా తో ఆప్‌కా పైర్ హై నా," అంది. వాచింది నీ కాలు కదా, నువ్వే వేసుకో అని.

కోపమో ఏడుపో తెలియలేదు, దాని భుజం గట్టిగానే పట్టుకున్నాను. అన్నం కలిపి నేనే తినిపించాను, మాత్రలు మింగించాను. నోరు తెరవమని నాలుక కింద కూడా వెతికాను. అది నవ్వుతూ ఆ అని నోరు తెరిచి చూపించింది.

మామ్మ లేదు, ఆ వాకిలి లేదు, క్వార్టర్స్ కూలగొట్టారు. చిమ్మిలి ఇప్పుడు మిక్సీలో తిప్పేస్తున్నాను. పౌడరు డబ్బా ఎక్కడ పోయిందో తెలియదు. ఈ పొద్దున్న కూడా పాప నిద్ర లేవకముందే రాత్రి చలికి తొడిగిన దాని మేజోడు అంచు కింద వేలు దూర్చి చూశాను. సులువుగానే దూరింది. మళ్ళీ ఒకసారి చూశాను.