మాస్టారి గుండ్రటి గీత

యూనివర్సిటీలో కాంప్లెక్స్ వేరియబుల్స్ అనే లెక్కల పాఠం చెప్పే మాస్టారికి బోర్డు మీద వలయం గీయడమంటే పంచప్రాణాలు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ఊపిరి బిగబట్టి, ఒక్క తిప్పులో గీసేస్తారు. కంపాసు కూడా సిగ్గుతో తల దించుకోవాలి. ఆపైన రెండడుగులు వెనక్కి వేసి, కన్నబిడ్డని చూసుకున్నట్టు మురిసిపోతారు. పాఠం సంగతి గంట కొట్టేముందు గుర్తొస్తుంది. ఆవేళ అలాగే హడావిడిగా సిద్ధాంతం చెప్పారు: లోపల పెట్టిన చుక్కని వదలకుండా గీత ఒక్కసారి చుట్టి వస్తే చాలు, అది ఏ ఆకారంలో ఉన్నా లెక్కకి జవాబు ఒకటే. ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"అయితే సార్, వంకరటింకరగా గీసినా అదే జవాబా?"

"అదేనమ్మా," అన్నారు మాస్టారు, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. క్లాసు గొల్లుమంది. ఆయన బోర్డు మీది వలయాన్ని ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకున్నారు.

"పరీక్షలో మాత్రం గుండ్రంగా లేకపోతే సగం మార్కులు కోత!"