పెరట్లో గాలిపొయ్యి

దాలమ్మ పెళ్లయి రాజాం పక్కనున్న ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి పంది మాంసం ఆమె వంటింటి గడప దాటలేదు. ఆ ఇంటి ఆనవాయితీ అది. ఆదివారం పూట మగాళ్లే పెరట్లో మూడు రాళ్లు పెట్టి వండుకునేవారు. ఆ మాంసం వండే డేగిసా కూడా పశువుల శాలలోనే ఉండేది. వంటలో మొనగాడు ఆమె మొగుడు అప్పలసూరి. అయితే చేతిరుచి ఎంత గొప్పదో, నోరు అంతకు రెండింతలు. నూరి ఇచ్చిన మసాలా కాస్త బరకగా ఉంటే చాలు, ఊరంతా వినేలా తిట్టేవాడు. "ఈ మనిషి నోరు పడిపోనూ" అని దాలమ్మ ఎన్నిసార్లు గొణుక్కుందో లెక్కలేదు.

నిరుడు కోతల వేళ అతనికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పట్టు తప్పింది, మూతి కొంచెం వంకరపోయింది. మాట మెల్లగా తిరిగొస్తుందని, మాట్లాడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. కానీ టీకొట్టు దగ్గర ఎవడో పనిలేనివాడు అతని ముద్దమాట విని నవ్వాడు. ఆ రోజు నుంచి అప్పలసూరి నోరు కట్టేసుకున్నాడు. ఆకలేస్తే పళ్లెం వైపు చూస్తాడు, చాలంటే చెయ్యి అడ్డం పెడతాడు. తన శాపమే తగిలిందని దాలమ్మ లోలోపల కుమిలిపోయింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

విశాఖలో ఉండే కూతురు అనూరాధ, నాన్నకు నూనె తగ్గించాలని వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయ్యర్ ఒకటి కొనిచ్చి వెళ్లింది. దాలమ్మ దానికి గాలిపొయ్యి అని పేరు పెట్టి, బట్ట కప్పి ఓ మూల కూర్చోబెట్టింది. ఒక ఆదివారం అప్పలసూరి పెరట్లో చల్లారిన రాళ్ల వైపే చూస్తూ ఉండటం ఆమె కంటబడింది. ఇక ఆగలేకపోయింది. ఎప్పుడైనా నాలుగు ముక్కలకు డాక్టరు సరేనన్నాడు కదా అని, అతని స్నేహితుడు ధనరాజు చేత కొవ్వు తక్కువ మాంసం తెప్పించింది. దాన్ని వంటింట్లోకి రానివ్వడానికి మాత్రం మనసొప్పలేదు. వైరు పెరట్లోకి లాగి, ఆ రాళ్ల పక్కనే స్టూలు మీద గాలిపొయ్యి పెట్టింది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ పుట్టి బుద్ధెరిగి పంది ముక్క ముట్టని మనిషికి దాని మర్మం ఏం తెలుస్తుంది? సగం మాంసానికి వంకాయ ముక్కలకు పట్టించినట్టు ఉప్పూ కారం పట్టించి, పచ్చి ముక్కలే గాలిపొయ్యిలోకి తోసింది. పైకి ఎర్రగా, ఘుమఘుమలాడుతూ వచ్చాయి. అప్పలసూరి ఎడమచేత్తో ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. చివరికి ఉమ్మేశాడు.

"ఏటే ఇది? సెప్పు ముక్క... వండినావేటి?"

మాట ముద్దగానే వచ్చింది. కానీ వచ్చింది. దాలమ్మ చేతిలోని చెంబు జారిపోయింది.

"ముందల... ఉడకబెట్టలేదేటే?"

"నాకేటి తెలుస్తాది? ఎప్పుడైనా దగ్గరికి రానిచ్చినావా?" అని ఆమె కూడా గొంతు పెంచింది. తగ్గితే ఈ మాట మళ్లీ ఆగిపోతుందేమోనని ఆమె భయం.

ఆగలేదు. శాలలోని డేగిసా దింపించాడు. మాంసం తెచ్చి అక్కడే కూర్చున్న ధనరాజు చేత రాళ్ల మధ్య మంట పెట్టించాడు. మిగతా మాంసాన్ని పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లితో మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చి, తడి ఆరాక మసాలా పట్టించమన్నాడు. అప్పుడు గాని గాలిపొయ్యి జోలికి వెళ్లనివ్వలేదు. ముక్కలు కిక్కిరిసి పేర్చిందని తిట్టాడు. మధ్యలో తిప్పలేదని మళ్లీ తిట్టాడు. తడబడిన చోట ఆగి, మాట కూడదీసుకుని మరీ తిట్టాడు.

ఈసారి అంచులు ఎర్రగా కరకరలాడాయి, లోపల వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉడికాయి. అప్పలసూరి కళ్లు మూసుకుని తిన్నాడు.

"ఉప్పు... తగ్గినాది" అన్నాడు.

దాలమ్మ శాల చాటుకు వెళ్లి కరువుదీరా ఏడ్చింది. ఇన్నాళ్లూ గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఏడ్చాక కొంగుతో ముఖం తుడుచుకుని, ఉప్పు డబ్బా తెచ్చి అతని పక్కన కూర్చుంది.

"తిట్టు మావా, ఇంకా తిట్టు" అంది. "నీ నోరు సల్లగుండ."