రత్నం సార్ వేళ్లకు తెలియని ఎరలు

2011 జూన్ మొదట్లో, వానలు ఇంకా పడని రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వైపు వెళ్లే సందులో గాలాలు, వలలు అమ్మే దుకాణం మాది. మా మామగారు పోచంపల్లి నుంచి వచ్చి మొదట నూలు అమ్మారు, తర్వాత వల దారం, ఆ తర్వాత గాలాలు. ఆయన పోయాక కౌంటర్ దగ్గర నేను కూర్చున్నాను. ఆ ఏడు తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. దుకాణం పూర్తిగా తెరిచిన రోజుల కంటే షట్టర్ సగం దించి కూర్చున్న రోజులే ఎక్కువనిపించేది. ఆ రోజు కూడా బంద్. లోపల సరుకు సర్దుకుంటుంటే ఎవరో షట్టర్ తట్టారు. వంగి చూస్తే రత్నం సార్, ఆయన మోచెయ్యి పట్టుకుని భార్య కామేశ్వరి గారు. ఆటోలు లేవు కాబట్టి ఎండలో నడిచే వచ్చారు.

రత్నం సార్‌ది భీమవరం వైపు ఊరు. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో చాలాకాలం ఫిజిక్స్ చెప్పారు. షుగర్ వల్ల చూపు పోయింది. కుడికంటికి వెలుతురు మాత్రం తెలిసేది. ఆదివారాలు యాదగిరి అనే ఆటో డ్రైవర్ ఆయన్ని ఎల్బీనగర్ దాటాక ఉండే ఒక చెరువుకు తీసుకెళ్లేవాడు. కళ్లు కనిపించని మనిషి చేపలెట్లా పడతాడని కొందరు నన్ను అడిగేవారు. చేప తగిలిన సంగతి మనకైనా తెలిసేది దారం మీద ఆనించిన వేలితోనే కదా.

ఆయన కొనేవి సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్లు, అంటే జెల్లీలా మెత్తగా ఉండే బొమ్మ ఎరలు. పీవీసీని ఒక రకం నూనెతో కలిపి, వేడి చేసి, అచ్చులో పోసి వీటిని చేస్తారు. నీళ్లలో లాగుతుంటే తోక ఊగుతుంది. కొర్రమీను దాన్ని చేపపిల్ల అనుకుని అందుకుంటుంది. తోక చివర తెడ్డులా ఉంటే పాడిల్ టెయిల్, పలచగా కొడవలిలా వంగి ఉంటే కర్లీ టెయిల్. తోక వంకరపోయిన ఎర తిన్నగా ఈదదు, నీళ్లలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. సార్ తోకను ఒక్కసారి తడిమి ఏ రకమో చెప్పేవారు. ఎవరి సాయం లేకుండా కావలసింది తీసి గాలానికి గుచ్చుకునేవారు.

ఉద్యమం ముదిరాక ఆయన రావడం తగ్గింది. బంద్‌లు, రాస్తారోకోలు. యాదగిరి ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. నేనూ మా కాలనీ ఆడవాళ్లతో కలిసి రోడ్డు మీద వంటావార్పుకు కూర్చున్నదాన్నే. సార్‌కు ఆ సంగతి తెలుసు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన వస్తే చేపల గురించే మాట్లాడేవారు.

స్టూలు వేశాను. ఆయన ఒళ్లో ఒక సంచీ, చేతిలో గాలం కర్ర ఉన్నాయి.

"కామేశ్వరీ, మెడికల్ షాపు తెరిచే ఉంటుంది. నా మాత్రలు తెచ్చెయ్. నేనిక్కడే కూర్చుంటా."

ఆవిడ వెళ్లిన అడుగుల చప్పుడు సందు చివర ఆగేదాకా ఆయన చెవి అటే పెట్టారు. తర్వాత సంచీ కౌంటర్ మీద పెట్టారు.

"ఇవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. డబ్బులేమీ వద్దు."

"ఏమైంది సార్? యాదగిరి వస్తలేడనా? బంద్‌లు అయిపోంగనే వస్తడు."

"వాడి గురించి కాదు. వేళ్లు పోయాయి."

నాకు అర్థం కాలేదు. చేతులు చూశాను. బాగానే ఉన్నాయి.

"షుగర్ ముదిరితే స్పర్శ పోతుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మొన్న డబ్బా తీసి తడిమాను. ఏది తెడ్డో, ఏది కొడవలో తెలియట్లేదు. అన్నీ ఒకేలా జిడ్డుగా ఉన్నాయి. మూడురోజుల నుంచీ పొద్దున్నే తీసి చూస్తున్నా. అంతే. కళ్లు పోయినప్పుడు వేళ్లున్నాయిలే అనుకున్నా." గొంతు తగ్గించి అన్నారు, "ఆవిడకి చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. వెళ్తే ఏం చెప్తాడో తెలుసుగా."

నేను ఆయన మాట నమ్మేశాను. ఊరికే ఉండలేక సంచీలోంచి డబ్బా తీశాను. మిఠాయిలు పెట్టి ఇచ్చే రకం, గట్టి ప్లాస్టిక్‌ది. మూత ఊడి రాలేదు. బలంగా లాగితే జిగటగా తీగలు సాగుతూ వచ్చింది.

లోపల ఎరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎర్రరంగు తెల్లవాటికి ఎక్కింది. కొడవలి తోకలు అణిగి బద్దల్లా అయ్యాయి. తెడ్లు మడతపడ్డాయి. ఏది ఏదో నాకు కళ్లతో చూసినా తెలియలేదు.

అలమరలోంచి కొత్త ప్యాకెట్లు తీసి విప్పాను. ఒకటి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంది సార్?"

"పాడిల్ టెయిల్."

ఇంకొకటి పెట్టాను.

"కర్లీ. చిన్న సైజు."

మూడోది ఇస్తే వెంటనే చెప్పలేదు. రెండు కాళ్లనూ వేళ్ల మధ్య సాగదీసి చూశారు. "కప్ప బొమ్మ. ఇది నా దగ్గర లేదు. కొత్తగా వచ్చిందా?"

"నిన్ననే వచ్చింది సార్."

ఆయన కప్పను అలాగే పట్టుకున్నారు. "మరి డబ్బాలోవి?"

"అవి కరిగి ఖరాబైనయ్. ఏది ఏందో నాకే తెలుస్తలేదు. మీ వేళ్లు మంచిగనే ఉన్నయ్ సార్."

ఆయన కళ్లజోడు తీసి, పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. నేను సరుకు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

కామేశ్వరి గారు తిరిగొచ్చి డబ్బా చూసి ఆగిపోయారు. ఎవరు సర్దారని అడిగాను.

"నేనేనండీ. ప్యాకెట్లు చిరిగిపోయి గలగలలాడుతుంటే అన్నీ తీసి మంచి డబ్బాలో పెట్టా. బీరువా మీద ఉంచా. ఏం, పాడైపోయాయా?"

వాళ్లది పై అంతస్తు. వేసవంతా స్లాబు వేడి ఆ బీరువా మీదే దిగింది. ఎరలోని నూనె కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రంగులు ఒకదాన్నించి ఇంకోదానికి పాకుతాయి. అందుకే వీటిని వచ్చిన ప్యాకెట్‌లోనే, రకానికి రకం విడిగా, తోక మడతపడకుండా పడుకోబెట్టి, చల్లని చోట ఉంచాలి. అదంతా చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"నాకు తెలియదండీ. ఈయనకి తేలిగ్గా దొరుకుతాయనుకున్నా."

"పోనీలే," అన్నారు సార్. "రేపట్నుంచి ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెడుదువుగాని."

ఆవిడ నవ్వారు. టీ కాచే స్టవ్ మీద నీళ్లు పెట్టాను. బాగా కాగాక దించి, చిరగకుండా విడదీయగలిగిన ఎరలను అందులో కాసేపు ముంచి, మెత్తబడ్డ తోకను సరిచేసి చన్నీళ్లలో వేస్తే పాత ఆకారం చాలామటుకు తిరిగొస్తుంది. నేను ముంచి ఇస్తుంటే ఆవిడ తోకలు సరిచేశారు, సార్ తడిమి చూసి అవునో కాదో చెప్పారు. బయట మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు పోతున్న నినాదాలు వినిపిస్తున్నాయి. సగానికి పైగా ఎరలు పారేయాల్సి వచ్చింది.

వెళ్లేముందు ఆవిడ మెట్టు దిగుతుంటే సార్‌తో మెల్లగా అన్నాను. "నేను మంచిగున్నయంటే సరిపోదు సార్. జర దవాఖానకు పోయి చూపించుకోండి."

"వెళ్తానమ్మా. ఇప్పుడు వెళ్లగలను."

కొన్ని వారాల తర్వాత కామేశ్వరి గారు ఒక్కరే వచ్చారు. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆయనే అంతా చెప్పేశారట. మర్నాడే షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు గాలం దారంలాంటి నైలాన్ పోగుతో ముందు వేళ్ల మీద, తర్వాత అరికాళ్ల మీద నొక్కుతూ తెలుస్తోందా అని అడిగాడట. వేళ్లన్నిటికీ తెలిసింది. ఎడమ అరికాలికి మాత్రం తెలియలేదు. బొటనవేలి కింద పుండు ఉంది. దెబ్బ ఎప్పుడు తగిలిందో సార్‌కు తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

"ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసుంటే వేలు తీసెయ్యాల్సి వచ్చేదన్నారు," అన్నారావిడ. "రోజూ కట్టు కడుతున్నా. మానుతోంది."

వేళ్లు పోయాయన్న భయంతో డాక్టరు దగ్గరికి వెళ్లకుండా కూర్చున్న మనిషికి అసలు దెబ్బ కాలికుంది. ఆ భయం తీరాక గాని ఆ సంగతి బయటపడలేదు. పుండు మానాక, వానలు పడి చెరువు నిండాక, యాదగిరి ఆటోతో వచ్చాడు. మధ్యలో రాని నెలల గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదని సార్ చెప్పారు. కాలికి మళ్లీ ఏదీ గుచ్చుకోకుండా, అప్పటినుంచి ఆయన చెరువు గట్టు మీద బూట్లు విప్పలేదు.

ఈ వ్యాపారంలో చెయ్యి తడబడుతోందనో, ఒడుపు పోయిందనో, ఇక నావల్ల కాదనో చెప్పేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్ల మాటకు వెంటనే సరేననను, కాదని ఓదార్చను కూడా. వాళ్లు వాడుతున్న సరుకు ముందు కౌంటర్ మీద పెట్టమంటాను. పక్కన కొత్తది విప్పి చేతికిస్తాను. తర్వాత ఆ చెయ్యి ఏం చెబుతుందో వింటాను.