ఫ్రిజ్ మెకానిక్ ఇంట్లో గట్టిపడని చీజ్

ఏలూరులో మా పేటలో ఎవరింట్లో ఫ్రిజ్ పాడైనా ముందు కబురు వెళ్ళేది మా పక్కింటి హిదాయతుల్లాకే. ఆయన వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ తీయడు. స్టూలు వేసుకు కూర్చుని ప్రశ్నలు వేస్తాడు. ప్లగ్గు పెట్టారా, తలుపు సరిగ్గా పడుతోందా, వెనకాల బల్లి గానీ దూరిందా అని ఇంటిల్లిపాదినీ విచారిస్తాడు. సగం రోగాలు ఆ విచారణలోనే తేలిపోతాయి. ఇంత తెలివైన మనిషి ఒక ఎండాకాలమంతా సొంత ఇంట్లో చల్లటి మంచినీళ్ళు లేకుండా చేశాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటి సీసాలు చల్లబడింది మా ఫ్రిజ్‌లో మరి.

అది రెండు వేల ఆరో సంవత్సరం. ఒక కస్టమరు ఆయనకు విదేశీ చీజ్ ముక్క రుచి చూపించి, ఇంత గట్టి చీజ్ మన వేడికి ఇంట్లో కుదరదని అన్నాడట. వేడిని అదుపులో పెట్టడమే వృత్తి అయిన మనిషికి ఆ మాట గుచ్చుకుంది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పద్ధతంతా నేర్చుకొచ్చాడు. గోరువెచ్చటి పాలలో కాస్త పెరుగూ, గడ్డకట్టించే పొడీ కలపాలి. కత్తితో కోసేంత గడ్డ కట్టాక వడకట్టి, ఉప్పు వేసి, బరువు కింద నొక్కి, కొద్దిపాటి చల్లదనంలో నెలల తరబడి ముగ్గబెట్టాలి.

పెళ్ళికూతురు దొరక్కముందే పందిరి వేశాడు మహానుభావుడు. వంటింట్లో ఫ్రిజ్‌ను వసారాలోకి లాగి, థర్మోస్టాట్ మార్చి, అరలన్నీ ఖాళీ చేయించాడు. ఆయన భార్య సాజిదా నీళ్ళ సీసాలూ ఇడ్లీపిండీ పట్టుకుని, “మంగతాయారుగారూ, కాస్త చోటుంటుందాండీ?” అంటూ మా గుమ్మంలోకి వచ్చింది. మేం చేప ముట్టమని ఎరుగును కాబట్టి చేపలు మాత్రం తెచ్చిన పూటే వండేసేది.

పాలు గడ్డ కట్టలేదు. కలిపినప్పుడల్లా తోడుకోని పెరుగులా జారుడుగా మిగిలేది. పొడి పాతదేమోనని బెజవాడ వెళ్ళి కొత్తది తెచ్చాడు. థర్మామీటరు మార్చాడు. గిన్నె మార్చాడు. చివరికి అనుమానం దెందులూరు నుంచి పాలు పోసే సత్తిరాజు మీదికి పోయింది. నీళ్ళు కలుపుతున్నావా అని అడిగేసరికి సత్తిరాజుకు రోషం వచ్చి, మర్నాడు చేపల ట్రాలీ ఆటోలో గేదెనే ఎక్కించుకొచ్చి, వీధంతా చూస్తుండగా పాలు పితికాడు. నీచు వాసన కొడుతున్న ఆ గేదె మా మందార మొక్కను సగం మేసింది. సాజిదా బిందె లోపలికి తీసుకెళ్ళింది. ఆ పాలూ గడ్డ కట్టలేదు.

అప్పుడు సాజిదా షరతు పెట్టింది. “ఏవండీ, ఎండలు ముదిరేలోగా ఇది గడ్డ కట్టకపోతే నా ఫ్రిజ్ నా వంటింట్లోకి వచ్చేయాలండీ. కట్టిందా, ముగ్గేదాకా నేను నోరెత్తను.” ఆయన ఒప్పుకున్నాడు. నేను మనసులో సాజిదా పక్షమే.

గడువు దగ్గరపడుతుండగా ఆమె చెల్లెల్ని చూడటానికి తాడేపల్లిగూడెం వెళ్ళింది. ఆ పొద్దున సత్తిరాజు పోసిన పాలను హిదాయతుల్లా తనే అందుకుని, గోరువెచ్చన చేసి, పొడి కలిపాడు. గంట గడిచాక కత్తి దింపితే గడ్డ రెండుగా తెగింది. సంతోషంతో వంటింట్లోకి వెళ్ళినవాడు, పొయ్యి పక్కన బోర్లించి ఉన్న, సాజిదా పాలు కాచే గిన్నెను చూసి అక్కడే నిలబడిపోయాడు.

సాజిదా తిరిగి రాగానే అడిగాడు, ఇన్నాళ్ళూ పాలు కాచి ఇచ్చేదానివా అని. ఒకసారి మరిగిన పాలు ఆ పొడికి సరిగ్గా గడ్డ కట్టవట.

“పచ్చిపాలు ఎవరైనా అలాగే ఇస్తారాండీ? వచ్చినవి వచ్చినట్టు కాచి చల్లార్చి పెట్టేదాన్ని. మీరెప్పుడైనా అడిగారా?”

ఊరందరినీ విచారించే మనిషి సొంత వంటింట్లో స్టూలు వేసుకోలేదు. గోడ ఇవతల నేను కడుపుబ్బ నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, షరతు ప్రకారం ఫ్రిజ్ ఇక వసారాలోనే ఉంటుందని.

రుబ్బురోలు పొత్రం కింద నొక్కిన ఆ చీజ్ ఫ్రిజ్‌లో రాణీగారిలా పడుకుంది. సాజిదా ఆ ఎండల్లో కొంగు నెత్తిన వేసుకుని మా ఇంటికీ వాళ్ళింటికీ సీసాలు మోసింది. అన్నమాట ప్రకారం నోరెత్తలేదు.

వానలు పడ్డాక కోశారు. నిజం చెప్పొద్దూ, బాగుంది. కాస్త పులుపూ, కాస్త ఉప్పూ, నమిలేకొద్దీ రుచి. హిదాయతుల్లా కళ్ళు చెమర్చాయి. సాజిదా కూడా మురిసిపోయి వీధంతా పంచిపెట్టింది. ఆ ఉత్సాహంలో ఆయన, రేపటి పాలతో రెండోది మొదలెడతానని అందరి ముందూ ప్రకటించాడు. సాజిదా తలూపి, ఖాళీ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు ఆయన పొడి డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

“కాచేశానండీ,” అంది సాజిదా, మంట తగ్గిస్తూ. “అలవాటు.”

ఆయన కాసేపు ఆ పొంగు చూశాడు. డబ్బా అటక మీద పెట్టి, వసారాలోకి వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. దాన్ని లోపలికి నెట్టడానికి మా ఆయన్ను కేకేశాడు. ఆ సాయంత్రం మా ఫ్రిజ్‌లో మా సీసాలే ఉన్నాయి.