తెల్లచీర పెట్టెలో, మాట గొంతులో

ఒరిస్సాలోని రాయగడలో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్లు సమాధికి చేసుకున్నంత శ్రద్ధగా పెళ్లికి కూడా ఏర్పాట్లు చేసుకోరు. పెద్దావిడ ఉందంటే ఆవిడ ట్రంకుపెట్టె అడుగున ఉతికి మడిచిన తెల్లచీర ఉంటుంది. సమాధి చేసే రోజున ఏ పాట పాడాలో కోడలికి చెప్పి ఉంటుంది. సమాధుల తోటలో భర్త పక్కన చోటు ఉంచమని సంఘపెద్దలకి చెప్పి ఉంటుంది. "దానికి ముందు జబ్బు ముదిరితే ఏం చెయ్యమంటారండీ?" అని అడిగితే మాత్రం "దేవుని చిత్తం" అంటారు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో అక్కడి ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ ఆ రెండు మాటలూ నా ప్రాణం తోడేశాయి.

దేవుని చిత్తం మీద నాకూ నమ్మకముంది. కానీ రైలెక్కించేది దేవుడు కాదు కదా.

మా ఆసుపత్రిలో పెద్ద జబ్బులకి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కేసు బరువైతే విశాఖపట్నం పంపించేవారు. పగలంతా రైల్లో ప్రయాణం. అక్కడికెళ్తే బతికేవాళ్లుంటారు, వాళ్లని నేనే కసిరి పంపేదాన్ని. వెళ్లినా ఒరిగేదేమీ లేనివాళ్లూ ఉంటారు. వాళ్లనీ అదే రైలెక్కించేవారు. ఎక్కించకపోతే "తల్లిని గాలికొదిలేసేడు" అని కాలనీ అంతా అంటుంది మరి. పార్వతీపురం దాటకుండానే బల్ల మీదే పోయినవాళ్లని ఎరుగుదును. ఓపికున్నప్పుడే రోగి ఇంట్లోవాళ్ల ఎదట "నాకిది కావాలి, నాకిది వద్దు" అని ఒక్క మాట అంటే చాలు, ఆ మాటకి ఎవరైనా తలొంచుతారు. నేను కోరింది అంతే.

మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది. గుండె నీరసించి, కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నీరు తీసే ఇంజెక్షను ఇవ్వడానికి నేనే వాళ్లింటికి వెళ్లేదాన్ని. కొడుకు రైల్వేలో గూడ్సు గుమస్తా. నెమ్మదైన మనిషి, తల్లి మాట జవదాటడు. అంతకు ముందు ఏడు ఆవిణ్ణి విశాఖ తీసుకెళ్లి చూపించుకొచ్చాడు. ఈ గుండెకి ఇంతకంటే చేసేదేమీ లేదు, మందులు వాడుతూ ఉండండని అక్కడి డాక్టర్లు చెప్పి పంపేశారు.

ఒకరోజు ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూచుంది. నేనూ పక్కన కూచుని రెండు కాయలందుకుని అడిగాను, మళ్లీ ఆయాసం ఎక్కువైతే ఎక్కడుంటారని. ఎప్పట్లాగే చీర సంగతి ఎత్తింది. అంచు లేని చీరట, ఇస్త్రీ చేసి పెట్టిందట.

"చీర సంగతి కాదు టీచరుగారూ, చీర కట్టక ముందు సంగతి," అన్నాను. నా నోరు కాస్త దురుసే.

ఆవిడ కాయ పక్కన పెట్టింది. లోపల కొడుకు లేడని ఒకసారి చూసుకుంది. "విశాఖ మాత్రం వొద్దమ్మీ. ఆ వార్డులో నా మొకం ఎరిగినోళ్లు ఒక్కళ్లు లేరు. సెలైను పీక్కుంటానని సెయ్యి మంచానికి కట్టేసేరు. నాను బడిపిల్లల్ని కూడా ఏనాడూ అలా కట్టలేదు. పోతే ఈ ఇంట్లోనే, ఈ కిటికీ కాడే పోతాను."

"ఇదే మాట మీ అబ్బాయితో అనండి."

"వాడితో ఎలాగంటానమ్మీ? వొద్దంటే నీ వల్లేటవుతుందిలే అన్నట్టుండదా? వాడికి తీసుకెళ్లాలని ఉంటాది. కొడుకు గదా."

నాకు తల బాదుకోవాలనిపించింది. పిల్లలు తప్పు చెబితే వీపు విమానం మోత మోగించిన మనిషట, సొంత కొడుకుతో ఒక్క ముక్క చెప్పడానికి జంకుతోంది.

సరే, నేను ఊరుకునేదాన్నా? డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కటకం వైపు ఒరియా మనిషి. తెలుగు మాటకి రెండు హిందీ మాటలు కలిపి మాట్లాడేవారు. మీరు పిలిచి తల్లీకొడుకులతో మాట్లాడండి, మీరంటే వింటారన్నాను. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, "సిస్టర్, బతికున్న మనిషితో ఇదేం బాత్? ఆశ పోతుంది," అన్నారు. ఆశ పోతుందని అందరికీ భయం. ఆశ పేరు చెప్పి మనిషిని ఎక్కడెక్కడ తిప్పుతున్నారో ఎవరికీ పట్టదు.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. మా పాస్టరుగారు మంచివారు. తప్పకుండా మాట్లాడతానమ్మా, శుక్రవారం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక అన్నారు. శుక్రవారం నేను పని తెముల్చుకుని పరిగెత్తాను. అయ్యగారు కళ్లు మూసుకుని, ఈ తల్లికి సంపూర్ణ స్వస్థత దయచేయమని, మనవల పెళ్లిళ్లు చూసేదాకా ఆయుష్షు ఇమ్మని చాలాసేపు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. తరవాత ఉప్మా పెట్టారు. గేటు దగ్గర పట్టుకుని నిలదీస్తే, "ప్రార్థన చేసి లేచి ఆ మాటంటే అవిశ్వాసం కాదేటమ్మా?" అన్నారు. తెల్లచీర మడిచి పెట్టుకుంటే విశ్వాసం, విశాఖ వద్దంటే అవిశ్వాసం. ఇదెక్కడి లెక్కో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఇక నా తెలివి నేనే ఉపయోగించాను. మనవాళ్లు తమ సంగతి చెప్పరు గానీ ఎదటివాళ్ల సంగతైతే గంటలు గంటలు చెబుతారు. కొడుకు, కోడలు ఇంట్లో ఉన్న ఆదివారం చూసుకుని వెళ్లాను. కాఫీ తాగుతూ కొల్నార ఊరి పెద్దాయనొకాయన కథ ఎత్తాను. ఆయన ఇంట్లోనే ఉంటానని మొత్తుకున్నా వినకుండా రైలెక్కించారని, దారిలోనే పోయాడని చెప్పాను. ఉన్న మాటే.

కోడలు అయ్యో అంది. కొడుకు తలొంచుకున్నాడు. నేను టీచరమ్మ వైపు తిరిగి, "మీరైతే ఏం చేద్దురండీ?" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది. నిజంగా తెరిచింది. ఆవిడ కొడుకు మొహం చూసింది, కొంగు సర్దుకుంది, నవ్వింది. "నాదేటుందమ్మీ. మావాడు ఎలాగంటే అలాగే," అంది.

కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. కోడలు నాకు ఇంకో కప్పు కాఫీ పోసింది. అది ముట్టకుండా లేచాను.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న ఆవిడకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రికి తెచ్చారు. ఇంజెక్షన్లు ఇచ్చాం, ఆక్సిజను పెట్టాం. డాక్టరుగారు విశాఖ కాగితం రాసేశారు. ఇప్పుడైనా కొడుక్కి చెప్పమని నేను ఆవిడ చెవి దగ్గర వంగి అడిగాను. ఊపిరికే ఊపిరి చాలడం లేదు, మాటకెక్కడిది? కొడుకుని పక్కకి లాగి వరండాలో అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీరు మా మంచికే సెప్తన్నారు సిస్టరుగారూ. కానీ అమ్మ మా ముందర అలాగనలేదు గదా. మావాడు ఎలాగంటే అలాగే అంది. మీరూ ఉన్నారు," అన్నాడు. నేనే కాఫీ తాగుతూ అనిపించిన మాట అది. స్ట్రెచరు స్టేషనుకి వెళ్లిపోయింది.

విశాఖలో వారం గడవకుండానే ఆవిడ పోయింది. వ్యాను మాట్లాడుకుని రాయగడ తెచ్చారు. అంచు లేని తెల్లచీరే కట్టారు. ఆవిడ చెప్పిన పాటే పాడారు. భర్త పక్కనే సమాధి చేశారు. సమాధి అయ్యాక ఇంటివాళ్ల కోసం పెట్టిన ఆదరణ కూడికలో అయ్యగారు లేచి, ఈ తల్లి కోరుకున్నట్టే అన్నీ జరిగాయి, దేవునికి స్తోత్రం అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. అంత కోపం నాకు ఏ చావు దగ్గరా రాలేదు.

కూడిక అయ్యాక కొడుకు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"సిస్టరుగారూ, అక్కడ అమ్మకి తెలివొచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. రాయగడ బండి ఎన్నింటికిరా అని. జొరంలో పలవరిస్తందనుకున్నాను."

నేను కుర్చీ లాగి అతన్ని కూచోబెట్టాను.

"నాకూ తీసుకెళ్లాలని లేదండీ," అన్నాడు. "క్రితంసారి ఆ వార్డులో అమ్మ సెయ్యి కట్టేసినప్పుడు నేను బైటికెళ్లి ఏడిసేను. ఇంట్లోనే ఉంచుదామనే అనుకున్నాను. కానీ అమ్మకి బతకాలని ఆశుందేమో, వొద్దంటే ఈడు నన్ను వదిలించుకుంటున్నాడు అనుకుంటాదేమోనని..."

వాకిట్లో బల్లల మీద జనం భోజనాలు చేస్తున్నారు. అన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో అన్నం తిన్న తల్లీకొడుకులు. ఇద్దరిదీ ఒకటే మాట. ఒకరి మనసు నొచ్చుకుంటుందని ఒకరు మింగేశారు. జబ్బు ఆవిణ్ణి ఎలాగూ తీసుకుపోయేదే. ఆ చివరి వారం మాత్రం వీళ్ల మర్యాదే మింగింది.

ఆ తరవాత నేను కథలు చెప్పడం, కాఫీలు తాగడం మానేశాను. ఆ నెలలోనే నందపూర్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పొగాకు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైన మనిషి. వెంట పెద్దకొడుకు. మందులిచ్చాక ఇద్దర్నీ డ్రెస్సింగు గదిలోకి పిలిచి తలుపు వేసేశాను. ముందు తండ్రిని అడిగాను, ఇంకా ముదిరితే ఏం కావాలి నీకని. ముసలాయన నా వైపు చూసి, కొడుకుకి ఎలాగుంటే అలాగన్నాడు. కొడుకుని అడిగాను. వాడూ నా వైపే చూసి, అయ్య ఎలాగంటే అలాగన్నాడు. ఒకే బల్ల మీద భుజాలు రాసుకుంటూ కూచున్నారు, ఒకరి మొహం ఒకరు చూడరు. నాకు ఒళ్లు మండిపోయింది. బయట డాక్టరుగారు పిలుస్తున్నా కదల్లేదు. స్టూలు తలుపుకి అడ్డంగా లాక్కుని కూచున్నాను.

"నాకు కాదు," అన్నాను కొడుకుతో. "నేను మీ ఇంటి మనిషిని కాదు. అటు తిరిగి, ఆయన మొహం చూసి చెప్పు."