మేడం మాటల చివరలు

మేడం పోయారని శుక్రవారం పొద్దున తెలిసింది. ఫోన్ చేసింది ఆమె అల్లుడు. "అత్తయ్యగారు ఇందాకే పోయారండి. రేపు క్లాసు ఉండదని మీ గ్రూపులో పెడతారా?" అని అడిగి పెట్టేశాడు. పత్రికలో పనిచేసిన రోజుల్లో మరణవార్తలు చాలా రాశాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందువల్ల అన్నవి తెలిస్తే వార్త సిద్ధమవుతుంది. ఆ పొద్దున అవన్నీ తెలిసి కూడా వాక్యం కుదరలేదు. చివరికి అల్లుడు చెప్పిన మాటలే గ్రూపులో పెట్టాను.

ఆమె గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యారు. భర్త పోయాక మెల్బోర్న్ వచ్చి, శివారు ట్రుగనీనాలో కూతురి దగ్గర ఉన్నారు. కాలేజీలో ఏ సిలబస్ వచ్చినా చెప్పారు గానీ, ఆమె మనసు పెట్టి చదివింది ఒక్కటే: రెనసాన్స్ కాలపు ఇంగ్లీషు సాహిత్యం. నాలుగు వందల ఏళ్ళ కిందటి లండన్, అక్కడి నాటకశాలలు, కవులు, కాపీదారులు, వాళ్ళ కొట్లాటలు. ఆమె ఎన్నడూ లండన్ చూడలేదు. చూడాలని అనగా కూడా నేను వినలేదు.

ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్‌లో ఒక గది అడిగి తీసుకుని, శనివారం మధ్యాహ్నాలు పాఠం చెప్పేవారు. పాఠం తెలుగులో, పద్యాలు ఇంగ్లీషులో. వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే నవీన్ వచ్చేవాడు. వృద్ధులను చూసుకునే ఏజ్డ్ కేర్‌లో పనిచేసే అక్కచెల్లెళ్ళిద్దరు డ్యూటీ యూనిఫాంలోనే వచ్చి వెనక కూర్చునేవారు. ఐటీ వాళ్ళు, హైస్కూలు పిల్లలు, పిల్లల్ని దింపడానికి వచ్చి ఉండిపోయిన తల్లులు. నేను ఇక్కడి తెలుగు పత్రికకు వార్త రాద్దామని వెళ్ళాను. వార్త అచ్చయింది. వెళ్ళడం మానలేదు.

రాగానే ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, మూత పెట్టి, బల్ల మీద ఉంచేవారు. పాఠం అయ్యేదాకా ముట్టుకునేవారు కాదు. దగ్గు వచ్చినా ముట్టుకోరు. ఎందుకని ఒకసారి అడిగాను. "మధ్యలో నేను నీళ్ళు తాగానంటే, వీళ్ళు ఫోన్లు తీస్తారు" అన్నారు.

ఒకరోజు ఒక తల్లి కూతుర్ని చూపించి ఫిర్యాదు చేసింది. "తెలుగులో మొదలుపెడుతుంది మేడం, సగంలో ఇంగ్లీషులోకి దూకేస్తుంది. ఇటు తెలుగూ రాదు, అటు ఇంగ్లీషూ కాదు."

మేడం ఆ రోజు అనుకున్న పాఠం పక్కన పెట్టారు. రెనసాన్స్ రోజుల్లో ఇంగ్లీషు స్థితి కూడా అదేనని చెప్పారు. చదువుకున్నవాళ్ళంతా లాటిన్‌లో రాసేవారు. ఇంగ్లీషు బజారు భాష, దాంతో గొప్ప విషయం చెప్పలేమని దాన్ని మాట్లాడేవాళ్ళే అనేవారు. ఆ భాష లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి, ఇటాలియన్ నుంచి సిగ్గుపడకుండా మాటలు తెచ్చుకుంది. తెచ్చుకున్నవాళ్ళను వెక్కిరించినవాళ్ళు కూడా ఉన్నారు. "ఎరువు తెచ్చుకున్న భాష చావదమ్మా. మూతి బిగించుకున్న భాష చస్తుంది" అన్నారు. ఆ పాప వెంటనే, "సీ మమ్? మేడం సెడ్ ఇట్స్ ఫైన్" అంది. "ఫైన్ అనలేదు నాన్నా. తెచ్చుకున్నదాంతో వాళ్ళు నాటకాలు రాశారు. నువ్వేం రాస్తావో చూస్తాను" అన్నారు మేడం.

ఆమె పాఠాల్లో అందరినీ బాగా పట్టుకున్నది మాత్రం నాటకం కాపీల సంగతి. ఆ కాలంలో నటులకు పూర్తి నాటకం ఇచ్చేవారు కాదు. చేతిరాత పని, కాగితం ఖరీదు, పైగా వేరే నాటక కంపెనీ వాళ్ళు నాటకం కొట్టేస్తారన్న భయం. అందుకని ఎవరి మాటలు వాళ్ళకే రాసిచ్చేవారు. తన మాటకు ముందు ఎదుటివాడు పలికే ప్రసంగంలో చివరి రెండు మూడు మాటలు మాత్రం క్యూగా పైన ఉంటాయి. ఆ మాటలు ఎవరివో, వాటికి ముందు అతనేం అంటాడో తెలియదు. స్టేజీ మీద చెవులప్పగించి వినాలి. ఆ చివరి మాటలు వినపడగానే అందుకోవాలి.

"వినడం రానివాడికి వేషం లేదు" అనేవారు మేడం. "మీ ఇళ్ళల్లో మాటలు చూడండి. అవతలివాడు ఏమంటాడో ముందే తెలుసనుకుంటారు. సగంలో అందుకుంటారు."

మాతో అలాగే ఒక నాటకం ఆడించాలనుకున్నారు. ఆ కాలపు పద్ధతిలో, తెలుగులో, తానే రాశారు. నగరంలో ప్లేగు. తలుపులు మూసుకున్న కోటలో ఒక ముసలి రాణి. లోపల ఒక హత్య, అందరూ అనుమానించే ఒక వైద్యుడు. ఎవరి కాగితాలు వాళ్ళకిచ్చారు. వైద్యుడి వేషం నవీన్‌కు వచ్చింది. వారం తిరిగేసరికి అతను అందరి దగ్గరా కాగితాల ఫోటోలు తీసుకుని, వరసగా పేర్చి, ఒక పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టాడు.

శనివారం మేడం అడిగారు. "ఇదెవరు చేశారు?"

"నేనే మేడం. అందరికీ ఈజీ అయితదని పెట్టిన."

"ఈజీ చెయ్యమని నిన్నెవరైనా అడిగారా నాయనా?"

"లే మేడం. మస్తు కష్టపడి చేసిన" అన్నాడు. గదంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు. నవ్వుతూనే కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నారు. రెండో సగం మార్చి మళ్ళీ రాసుకొచ్చారు. ఈసారి ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. రాణి వేషం తనదే కనుక ఆ మాటలు అసలు కాగితం మీద పెట్టలేదు. "నా వేషం నా తలలో ఉంది. దాన్ని వీడు ఫోటో తియ్యలేడు" అన్నారు. ఆ మాటకూ నవ్వాం.

జబ్బు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఒక విడత కీమో అయ్యింది. అది నడిచినన్నాళ్ళూ మేడం చాలా శనివారాలు రాలేదు. వచ్చినా మాట మధ్యలో ఆగిపోయేవారు. అంతకుముందు ఆమె మాట వెతుక్కోవడం మేం చూడలేదు. కొంత కోలుకున్నాక, రెండో విడత వద్దన్నారు.

ఆమె కూతురు ఫార్మసిస్టు. ఏ మందు ఏం చేస్తుందో తెలిసిన మనిషి. ఒక శనివారం తల్లిని దింపి, కార్ పార్కులో నన్ను ఆపింది.

"అంకుల్, మీరైనా చెప్పండి. డాక్టర్ ఇంకో కీమో సైకిల్ ట్రై చేద్దాం అంటున్నాడు. ఛాన్స్ ఉంది. ఛాన్స్ లేదంటే నేనూ అడగను. ఛాన్స్ ఉందని చెప్తుంటే, క్లాసులో మాటలు మర్చిపోతున్నాను, నాకొద్దు అంటోంది. శనివారాల కోసం మమ్మల్ని వదిలేసుకుంటుందా?"

మేడంను అడిగాను. ఆమె నా మాట పూర్తయ్యేదాకా విన్నారు. "నేను బతకనని అనడం లేదండీ. నేను నేనుగా ఉన్నన్నాళ్ళు బతుకుతానంటున్నాను" అన్నారు. కొంచెం ఆగి, "దానికి చెప్పే పని మీరు పెట్టుకోకండి. అది నేను చెప్పాల్సిన మాట" అన్నారు.

చెప్పారో లేదో నాకు తెలియదు. ఒకే ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయన్నది తెలుసు. మందుల వేళలు, భోజనం కబుర్లు మనవరాలే అటూ ఇటూ చేరవేసేది. "అమ్మమ్మా, మమ్ ఈజ్ ఆస్కింగ్, రసమా పెరుగా?" అంటుంటే వాళ్ళింట్లో నేనే విన్నాను. మమ్ పక్క గదిలోనే ఉంది.

ఆ రోజుల్లోనే నాటకంలో ఒక దాసి వేషం కొత్తగా చేరింది. అది కూతురిదని మేడం మాకు చెప్పారు. కాగితం మనవరాలి చేత పంపారు. కూతురు దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది. రిహార్సల్‌కు రాలేదు. ఆ పైవారమూ రాలేదు. రాణికి, దాసికి మధ్య ఉన్న రంగం దగ్గరికి వచ్చేసరికి మేడం, "ఇది వదిలేసి ముందుకెళ్దాం" అనేవారు.

"మేడం, అక్క వచ్చేదాంక దాసి మాటలు నేను చదువుతా" అన్నాడు నవీన్ ఒకసారి.

"వద్దు. వేషం ఒకరికిచ్చాను, వెనక్కి తీసుకోను. ఎదుటి మనిషి లేకుండా నా మాట నేను గోడకు చెప్పను."

ఆమె మొండిమనిషి. స్మృతి వ్యాసంలో ఈ మాట రాయకూడదేమో గానీ, రాయకపోతే ఆమెను గురించి సగమే చెప్పినట్టవుతుంది. కూతురూ అలాంటిదే. వాళ్ళలో ఎవరిది సరైన నిర్ణయమో నేను రాయలేను. రెండు వైపులా విన్నాను. రెండు వైపులా న్యాయం కనిపించింది. రెండో విడత తీసుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరూ చెప్పలేడు.

మేడం పోయాక, దినకర్మలయ్యాక, అందరం కమ్యూనిటీ సెంటర్‌లో కలిశాం. నాటకం ఆడదామని అక్కచెల్లెళ్ళు అన్నారు. ఎవరి కాగితాలు వాళ్ళు తెచ్చాం. కార్పెట్ మీద పరిచి, ఎవరి క్యూ ఎవరి మాటకు తగులుతుందో చూసుకుంటూ పేర్చాం. మధ్యాహ్నం గడిచేసరికి నాటకం దాదాపు నిలబడింది. రాణి మాట్లాడే చోట్ల మాత్రం ఖాళీలు. రిహార్సల్స్‌లో విన్నవి కొన్ని మాకు గుర్తున్నాయి. చాలా భాగం గుర్తు లేదు. మేడం తన కోసం తలలో పెట్టుకున్నదాంట్లో కాగితం మీద మిగిలింది, మా క్యూల రూపంలో మా దగ్గర ఉన్న చివరి మాటలే. ఆమె ప్రతి ప్రసంగానికీ తోక ఉంది, తల లేదు.

అప్పుడు కూతురు వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కింద పరిచిన కాగితాల పక్కన కూర్చుంది. ఆమె చేతిలో దాసి కాగితం ఉంది. ఎన్నిసార్లు చదివిందో గానీ మడతల దగ్గర చిరిగి ఉంది.

"నేను మొత్తం చదివాను అంకుల్. నాకోసం ఏదైనా రాసిందేమో అని. ఏం లేదు. గుర్రాలొచ్చాయి, తలుపు వేశాను... దాసి మాటలు. అంతే." వేలు పెట్టి చివరి క్యూ చూపించింది. "ఇది అమ్మది కదా?"

అది రాణి చివరి ప్రసంగం. క్యూ మూడు మాటలు: 'అది నీకు తెలియదు.'

"దీనికి ముందు ఏముంది?" అని అడిగింది.

అక్కచెల్లెళ్ళు కింద కాగితాలు సర్దసాగారు.

"ఒక్కసారైనా రిహార్సల్‌లో చెప్పే ఉంటుంది కదా. నవీన్, నువ్వు ప్రతివారం వచ్చావు. ఏం తెలియదంటోంది నాకు? కోపంగా అందా, మామూలుగా అందా? జస్ట్ టెల్ మీ."

నవీన్ నా వైపు చూశాడు. ఆ రంగం ఎన్నడూ చెయ్యలేదని, మేడం వదిలేసి ముందుకు వెళ్ళేవారని ఎవరో ఒకరు చెప్పాలి. అతనే చెప్పాడు. "అక్కా, ఆ సీన్ మేం చెయ్యలే. మీరు వస్తెనే చేస్తనన్నరు మేడం."

ఆమె ఏడవలేదు. కాగితం మడిచి, మళ్ళీ విప్పింది. బయట వేర్‌హౌస్ లారీలు వెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఐటీలో పనిచేసే ఒకాయన, మంచి ఉద్దేశంతోనే, ఆ ఖాళీ తాను పూరిస్తానన్నాడు. మేడం శైలి తనకు తెలుసని, నాలుగు వాక్యాలు రాస్తే సరిపోతుందని అన్నాడు.

"వద్దండీ. ఎవరూ రాయకండి" అంది కూతురు. "ఆ వేషం నేను వేస్తాను. అమ్మ మాట్లాడే చోట ఎవరూ ఏం అనొద్దు. నేను వింటాను."

మేడం క్లాసు జరిగే వేళకే, శనివారం మధ్యాహ్నం, నాటకం ఆడాం. గదిలో ఉన్న కుర్చీలన్నీ నిండాయి. రాణి కుర్చీ ఖాళీగా ఉంచాం. మిగతా చోట్ల మాకు గుర్తున్న మాటలు అక్కచెల్లెళ్ళలో పెద్దామె పక్కన నిలబడి చదివింది. వైద్యుడి ఘట్టంలో నవీన్ తన మాటలు మరిచిపోయి, "ఒక్క నిమిషం" అని జేబులోంచి కాగితం తీస్తే జనం నవ్వారు. ఆ తర్వాత చివరి రంగం వచ్చింది. చదివే ఆమె కాగితం మడిచి పక్కకు తప్పుకుంది.

కూతురు లోపలికి వచ్చింది. చేతిలో మేడం స్టీలు గ్లాసు, మూత లేకుండా. కుర్చీకి ఎదురుగా నిలబడి, తల కొంచెం వంచి విన్నది. ఎంతసేపో నేను చూసుకోలేదు. ముందు వరసలో ఒక పిల్లవాడు ఏదో అడగబోతే తల్లి వాడి నోటి మీద చెయ్యి పెట్టింది. కూతురు రెండుసార్లు పెదవి విప్పి, ఇంకా మాట పూర్తి కాలేదన్నట్టు మళ్ళీ మూసుకుంది.

తర్వాత తన మాట చెప్పింది. "మంచినీళ్ళు తెచ్చానమ్మా. ఇక్కడ పెట్టనా?"

దాసి కాగితంలో అదే ఆఖరి వాక్యం. గ్లాసు పెట్టేసి వెళ్ళిపోవాలని కింద రాసి ఉంది. ఆమె పెట్టలేదు, వెళ్ళలేదు. గ్లాసు పట్టుకుని ఆ కుర్చీ వైపే చూస్తూ నిలబడింది. కిటికీలోంచి పడే ఎండ గ్లాసులోని నీళ్ళకు తగిలి పైన సీలింగ్ మీద చిన్న వెలుగు మరక అయింది. నీళ్ళు కదిలినప్పుడల్లా అదీ కదిలింది. అది కదలకుండా నిలబడుతుందేమోనని మేమంతా తలలెత్తి చూస్తూ కూర్చున్నాం.