లెగిమాన్ గారి తొమ్మిది టిక్కుల మీట

మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే లెగిమాన్ గారి నోట ‘లేదు’ అన్న మాట విన్నవాళ్ళు లేరు. చక్రం అప్పడంలా వంకరపోయినా ‘అవుతుంది’ అంటారు, ముందు ఫోర్కు రెండు ముక్కలైనా ‘అవుతుంది’ అంటారు. ఎప్పటికవుతుందో మాత్రం చెప్పరు. పెళ్ళిచూపుల్లో పిల్ల ఎలా ఉందని తన తల్లి అడిగితే కూడా ‘అవుతుందమ్మా’ అన్నారని ఆయన భార్య బు పాతుమ్ ఇప్పటికీ దెప్పుతుంది. మా దగ్గర ‘బు’ అంటే అమ్మగారు, ‘పాక్’ అంటే అయ్యగారు.

మావారు సుమర్నో పోయాక మా ఆచారంలో జరిపే వెయ్యో రోజు దగ్గరపడింది. ఆ పొద్దున సమాధి మీద పూలు చల్లి, సాయంత్రం ఇరుగుపొరుగుకి అన్నం పెట్టాలి. సమాధి గుట్ట మీద ఉంది. మావారి సైకిల్ మీదే, ఆయనలాగే మధ్యలో దిగకుండా తొక్కుకుంటూ ఎక్కాలని నా పట్టుదల. ఎందుకని అడిగితే చెప్పలేను. చూస్తే గేరు మీట విరిగి ఉంది.

లెగిమాన్ గారు వెనక చక్రం దగ్గర కూర్చుని పళ్ళ చక్రాలు లెక్కపెట్టారు. ఎనిమిది. ఆయన డబ్బాలో ఉన్నది తొమ్మిది టిక్కుల మీట, అంటే తొమ్మిది చక్రాలకి చేసినది. లేదనడం చేతకాక దాన్నే బిగించేశారు. ఒకటి ఎక్కువే కదా, మిగిలితే మిగులుతుందిలెండి అన్నారు, నేలవైపు చూస్తూ.

మొదటి రెండు టిక్కులూ బుద్ధిగానే పడ్డాయి. నాలుగోదానికి చైను ఏ చక్రమూ ఎక్కకుండా రెండింటి మధ్యా నిలబడి కటకటమంది. గుట్ట మొదట్లోనే జారిపోయి, నా కాళ్ళు గాలిని తొక్కాయి. దిగి నడిపించుకుంటూ వచ్చేశాను.

ఎలా ఉందని ఆయన అడిగితే చాలా బాగుందన్నాను. పెద్దమనిషి, చిన్నబుచ్చుకుంటారు. అది మొదలు మూడు వారాలు ఆయన కొట్టు ముందునుంచే కటకటలాడుతూ బజారుకి పోయి వచ్చాను. ఆయన తల వంచుకుని నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. మా ఊళ్ళో మర్యాదకి బ్రేకులు ఉండవు.

వెయ్యో రోజుకి ఇంకా రెండు రోజులుందనగా బు పాతుమ్ గరిటె పట్టుకుని కొట్టు ముందు రోడ్డు మీదికొచ్చింది.

“ఈ చప్పుడుకి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయమ్మా. మీ ఇద్దరూ ఇలాగే మర్యాదలు చేసుకుంటూ కూర్చోండి, మీ ఆయనకి పూలు నేను పట్టుకెళ్తా.”

ఆ మాటకి సైకిల్ దిగి లెగిమాన్ గారి వైపు తిరిగాను. “బాగాలేదు పాక్. గుట్ట ఎక్కట్లేదు.”

లెగిమాన్ గారు నెత్తిమీద మూట దించినట్టు ఊపిరి వదిలారు. “నాకు తెలుసు బు. మొదటి రోజే వినపడింది.”

“మరి చెప్పలేదేం?”

“మీరు బాగుందన్నారు కదా.”

తొమ్మిది చక్రాల మీట ఒక్కో టిక్కుకీ చైనును జరిపే తీగను తక్కువ లాగుతుందట. ఎనిమిదికి ఇంకాస్త లాగాలి. పొట్టివాడి అడుగులతో పొడుగువాడి మెట్లు ఎక్కడం లాంటిదన్నారు. మరి ఎనిమిదిది పెట్టమన్నాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నారు.

“లేదు బు.”

బు పాతుమ్ చేతిలో గరిటె జారిపోయింది.

ఆయన లోపలికెళ్ళి తన సొంత సైకిల్ నుంచి పాతకాలపు మీట ఒకటి విప్పుకొచ్చారు. దానికి టిక్కులే లేవు. ఎంత జరిపితే తీగ అంత జరుగుతుంది, ఎన్ని చక్రాలైనా దానికి ఒకటే. చప్పుడు ఆగేదాకా మీరే సర్దుకోవాలి, చెవి ఒగ్గి తొక్కండి అన్నారు.

వెయ్యో రోజు పొద్దున పూలబుట్ట ముందు కట్టుకుని ఎక్కాను. వెదురుపొదల మలుపులో చైను గొణిగింది. మీటను వేలితో రవ్వంత తోశాను, సద్దుమణిగింది. మావారు ఆ మలుపులోనే ఈలవేసేవారు. దిగకుండా పైదాకా వెళ్ళాను.

సాయంత్రం మా ఇంట్లో అన్నాల దగ్గర, మీట ఎలా ఉందని లెగిమాన్ గారు అడిగారు.

“కొంచెం బిగుతుగా ఉంది పాక్, వేలు నొప్పెడుతోంది.”

ఆయన తల ఊపి, ముద్ద మింగి, అటూ ఇటూ చూశారు.

“మీ కొబ్బరన్నంలో ఉప్పు తక్కువైంది బు.”